అడిగేటోడు

మా బాపుకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, చెవి ఎట్ల పోయిందని. "బాయిల పోయింది" అన్నాడు. ముప్పై రెండేళ్లు బొగ్గు బాయిలో పనిచేసి, అందులో ఎక్కువ కాలం మందు పేల్చే షాట్ ఫైరర్‌గా ఉన్న మనిషిని ఇంక అడిగేదేముంటుంది? ఆయనతో మాట్లాడాలంటే కుడిపక్కకు వచ్చి కూర్చోవాలి. నా భార్య ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజు అమ్మ ఆమెకు చెప్పిన మొదటి సంగతి అదే.

బాపు మంచం పక్కన గోడకు ఒక మొల, మొలకు నల్లతాడుతో ఒక ఈల. దాని పైన మా చిన్నబాపు ఫోటో. నాకు ఆరేళ్లప్పుడు ఊళ్లో పొలం దగ్గర బావిలో పడి పోయాడట. నాకు ఆయన ముఖం గుర్తులేదు. బాపు రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి రామకృష్ణాపూర్‌లోనే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. దేవుడి పటాలకంటే ముందు ఆయన ఆ మొల కొట్టించాడు. పండుగకు ఇల్లంతా దులిపినా అమ్మ ఈల జోలికి పోదు. బాపే తీసి, తువ్వాలతో తుడిచి, మళ్లీ తగిలిస్తాడు. బాయి గుర్తుగా దాచుకున్నాడని అనుకునేవాళ్లం.

మా వాడికి రాకెట్ల పిచ్చి పట్టింది 2022 నవంబర్ 18న. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఆ రోజు కాలేజీకి పోకుండా టీవీ ముందు కూర్చున్నాడు. పదకొండున్నరకు శ్రీహరికోట నుంచి ఒక సన్నటి రాకెట్ లేచింది. పేరు విక్రమ్-ఎస్. ఎత్తు ఆరు మీటర్లు, బరువు 545 కిలోలు. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయి బంగాళాఖాతంలో పడింది. ఐదు నిమిషాల్లో అంతా అయిపోయింది. దాన్ని కట్టింది హైదరాబాద్‌లోని స్కైరూట్ ఏరోస్పేస్. ఇస్రో ఉద్యోగాలు వదిలి వచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో పెట్టిన సంస్థ. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ తయారుచేసిన రాకెట్ ఎగరడం అదే మొదలు.

బాపు కుడి చెవి టీవీ వైపు తిప్పుకొని కూర్చున్నాడు.

"గది ఎవలది?"

"మన హైదరాబాదోళ్లది తాతా. సర్కారుది కాదు, ప్రైవేటు."

"మరి కాల్చుమని ఎవలు చెప్పిన్రు?"

మా వాడు నవ్వాడు. "వాళ్ల రాకెట్ వాళ్లు కాల్చుకుంటున్నరు. ఒకలు చెప్పుడేంది తాతా?"

బాపు నా ముఖం చూశాడు. మంచిర్యాలలో ఫిజిక్స్ చెప్పే లెక్చరర్‌ని నేను. తెలిసింది చెప్పాను. 2020 జూన్‌లో కేంద్రం ప్రైవేటు వాళ్లకు అంతరిక్షం తలుపు తెరిచింది. ఆ తలుపు దగ్గర నిలబడి ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో చూసే సంస్థ ఇన్‌స్పేస్. దాని ఆఫీసు అహ్మదాబాద్‌లో. అది అనుమతి ఇచ్చాకే ఈ రాకెట్ లేచింది. లేచిన చోటు ఇస్రోది. ఎక్కడ పడుతుందో ముందే లెక్కగట్టి, అటు పడవలు రాకుండా, పైన విమానాలు తిరగకుండా హెచ్చరికలు పంపుతారు. అసలు నవంబర్ 15నే ఎగరాల్సింది. వాతావరణం బాగా లేదని 18కి జరిపారు.

"ఆపిన్రా?"

"మూడు రోజులు ఆపిన్రు బాపూ."

"ఆపెటోడు ఉన్నడంటె మంచిగనే నడుస్తది" అని లేచి వాకిట్లోకి పోయాడు.

మా వాడు బీటెక్‌లో చేరాడు. 2024 జూలై 7, ఆదివారం. ముసురు పట్టి ఉంది. ఇద్దరు దోస్తులను వెంటబెట్టుకొని వాడు ముందురోజు రాత్రే హైదరాబాద్ నుంచి దిగాడు. పొద్దున చాయ్ తాగుతూ సంచిలోంచి రెండు ఉక్కు గొట్టాలు తీసి చాపమీద పెట్టాడు. ఒక్కోటి మూరెడు. లోపల వాళ్లే కలిపి కూరిన మందు. దాన్ని రైల్లో, నిండు బోగీలో, సీటు కింద పెట్టుకొని తెచ్చారని తెలిసి నా గుండె ఆగినంత పనైంది.

"ఎగరేసుడు కాదు డాడీ. స్టాండుకు కట్టేసి మండించి, ఎంత బలంతో తోస్తదో కొలుస్తం. స్టాటిక్ టెస్ట్. అంతే."

"ఎక్కడ?"

"ఓబీ గుట్ట మీద. అక్కడ మనిషుండడు."

ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి మా చుట్టూ గుట్టలై లేచింది. మనిషుండడని వాడు అనుకుంటున్నాడు. గొర్లు మేపేవాళ్లు, కట్టెలకు పోయేవాళ్లు ఎప్పుడు ఏ వైపు నుంచి ఎక్కుతారో ఎవరికీ తెలియదు.

నేను చట్టం చెప్పాను. పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. లైసెన్సు లేకుండా మందు తయారుచేయడమే నేరం. "స్కైరూట్ వాళ్లు కూడా మోటారు మండించడానికి ఎంతదూరం పోయారో తెలుసా? విక్రమ్-ఎస్‌లో మండిన కలామ్-80ని 2022 మార్చిలో నాగపూర్‌లో, సోలార్ ఇండస్ట్రీస్ ఆవరణలో పరీక్షించారు. గనులకు పేలుడు మందు తయారుచేసే కంపెనీ అది. మొన్న మార్చి 27న కలామ్-250ని శ్రీహరికోటలో ఇస్రో టెస్ట్ బెడ్ మీద 85 సెకన్లు మండించారు. ఎగరేయడానికి కాదు, నేలకు బిగించి మండించడానికే."

"వాళ్లవి పెద్ద మోటర్లు డాడీ. మాది మూరెడు."

ఫోన్ తీసి వీడియో చూపించాను. పోయిన ఆదివారం, జూన్ 30న జరిగింది. చైనాలో హెనాన్ ప్రాంతంలోని గొంగ్‌యీ దగ్గర స్పేస్ పయనీర్ అనే ప్రైవేటు కంపెనీ తియాన్‌లాంగ్-3 రాకెట్ మొదటి దశను స్టాండుకు బిగించి మండించింది. బిగించిన కట్టు తెగింది. ఎగరకూడని రాకెట్ మేఘాల్లోకి లేచి, ఒకటిన్నర కిలోమీటర్ల అవతల కొండల్లో పడి పేలింది. చుట్టుపక్కల వాళ్లను ముందే ఖాళీ చేయించడంతో ప్రాణాలు దక్కాయి.

దోస్తులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా వాడు మాత్రం తగ్గలేదు.

"అన్నిటికి అనుమతే అంటే ఎట్ల డాడీ? 2020 దాక ప్రైవేటోళ్లకు దారే లేకుండె. ఎంతమంది మా అసొంటోళ్లు ఆశ చంపుకున్నరో. అగ్నికుల్ కంపెనీ వాళ్లు నాలుగుసార్లు ఆగి ఆగి ఐదోసారి మొన్న మే 30న రాకెట్ ఎగరేసిన్రు. రైట్ బ్రదర్స్ ఎవలిని అడిగి ఎగిరిన్రు?"

వాడి మాటలో నిజం లేకపోలేదు. తలుపు మూసి ఉన్నన్నాళ్లు ఎందరు పిల్లలు బయటే నిలబడిపోయారో. కానీ తలుపు తెరవడం వేరు, తలుపే లేకపోవడం వేరు. అదే చెప్పాలని చూశాను. "మన నేల మీంచి నింగిలోకి పోయేది ఎవరి రాకెట్ అయినా, అది వేరే దేశం మీద పడితే జవాబు చెప్పాల్సింది మన దేశమే. 1967 అంతరిక్ష ఒప్పందంలో అట్లనే రాసుకున్నారు. జవాబు చెప్పాల్సినవాడు ముందు ప్రశ్న అడగకపోతే ఎట్లా? 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. ఈ మేలో ఇన్‌స్పేస్ నియమాలు రాసి పెట్టింది. పార్లమెంటు చట్టం చేయడమే ఇంకా మిగిలింది."

"చూసిన్రా, అసలు రాకెట్లకే ఇంక చట్టం లేదు. మా గొట్టానికి ఎందుకు? అయినా మన గుట్ట మీద అడిగేటోడెవడున్నడు డాడీ?"

బాపు చేతిలో చాయ్ గ్లాసు నోటిదాకా పోయి ఆగింది.

"ఏమన్నవ్ బిడ్డా?"

మా వాడు కుడిపక్కకు జరిగి గట్టిగా అన్నాడు. "అడిగేటోడెవడున్నడు అన్న తాతా."

బాపు గ్లాసు కింద పెట్టాడు. "నేనున్న. నేను అడుగుత."

మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. ఆయన గొంతు మారింది. ఆ గొంతును నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. బాయిలో వినిపించిన గొంతు అదే అయి ఉంటుంది.

"గుట్ట ఎక్కెటందుకు తొవ్వలెన్ని?"

"ఒక్కటే... కాదు, రెండు."

"నాలుగు. మీరెందరు?"

"ముగ్గురం."

"తొవ్వకొక్కడు నిలవడితె స్విచ్చు ఒత్తెటోడెవడు? ఒత్తెటోడు గుట్ట మీదుంటె నాలుగు తొవ్వలకు ఇద్దరు. మిగిలిన రెండు తొవ్వలల్ల గొర్ల పిల్లగాడు వస్తె?"

జవాబు లేదు.

"బాయిల మేం ఎట్ల చేసెటోళ్లం ఎరికేనా? ముందుగాల గ్యాస్ ఉన్నదా అని దీపం పెట్టి చూసుడు. అటెన్క పైకప్పు చూసుడు. మందు పెట్టి, మట్టి కూరి, తొవ్వతొవ్వకు మనిషిని నిలవెట్టుడు. ఈల ఊదుడు. ఎక్స్‌ప్లోడర్ పిడి షిఫ్టు మొత్తం నా జేబులనే ఉండాలె. మేనేజర్ వచ్చి అడిగినా ఇయ్యద్దు. అన్ని తొవ్వల నుంచి పిలుపు వచ్చినంకనే పిడి బయటికి తీసుడు. ఎన్ని పెట్టిననో అన్ని చప్పుళ్లు లెక్కపెట్టుడు. పొగ పోయినంక ముందు నేను పోయి చూసుడు. లెక్క ఒక్కటి తక్కువైనా ఎవ్వన్నీ అటు అడుగు ఎయ్యనియ్య."

ఇవన్నీ బాపు సొంతంగా పెట్టుకున్న పట్టింపులు కావు. 1952 గనుల చట్టం కింద 1957లో బొగ్గు గనుల నిబంధనలు రాశారు, 2017లో వాటిని తిరగరాశారు. మందు ఎవరు ముట్టాలి, పిడి ఎవరి దగ్గర ఉండాలి, పేలని మందు దగ్గరికి ఎప్పుడు పోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పుస్తకాన్ని బాపు చదివాడో లేదో నాకు తెలియదు. ఆయన ఒంట్లోకి మాత్రం ఎక్కింది.

"మరి మీది మండకుంటె?" అని అడిగాడు.

"పోయి చూస్తం తాతా."

"ఎంత సేపటికి?"

ముగ్గురు పిల్లలూ తలలు దించుకున్నారు. బాపు కళ్లు కాసేపు మూసుకున్నాడు.

"బాయిల గన్ని రూల్స్ ఉన్నయి కదా తాతా" అన్నాడు మా వాడు నెమ్మదిగా. "అయినా 2003ల ఏడు ఎల్‌ఈపీల 17 మంది పోలేదా? నువ్వే చెప్తవ్."

ఆ ఏడాది జూన్ 16న గోదావరిఖనిలోని ఆ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చిన కబురు విని బాపు రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాకు బాగా గుర్తు.

"పోయిన్రు" అన్నాడు. "గింత అడుగుతుంటెనే గట్ల పోయిన్రు. అడుగుడే లేకుంటె ఎందరు పోదురో నువ్వే లెక్కగట్టు." నా వైపు తిరిగాడు. "శ్రీహరికోటల గిట్ల అడిగేటోడున్నడా?"

"ఉన్నడు బాపూ. రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ అంటరు. రాకెట్ దారి తప్పితే గాలిలోనే పేల్చేసే అధికారం ఆయనది. 2010 డిసెంబర్ 25న జీఎస్ఎల్వీ-ఎఫ్06 లేచింది. నిమిషం తిరగకముందే అదుపు తప్పింది. జనం మీదికి పోకముందే, 64వ సెకనులో దాన్ని పేల్చేయమని ఆదేశం పోయింది."

"ఏండ్లకేండ్లు కష్టపడి కట్టినోళ్ల కండ్ల ముంగటనే?"

"వాళ్ల కండ్ల ముంగటనే."

"వద్దని ఎవలన్న అడ్డం రావచ్చునా?"

"రాకూడదు. ఆ నిమిషంల ఆయన మాటే మాట."

బాపు చాలాసేపు మాట్లాడలేదు. "గసొంటి మనిషి ఉన్నకాడనే మందు ముట్టాలె" అన్నాడు చివరికి. తనలో తాను అనుకున్నట్టే అన్నాడు.

మా వాడి మొండితనం కరిగింది. నిజానికి వాడు చెడ్డ పిల్లవాడు కాదు. తాత అంటే ప్రాణం. "సరే తాతా. ఇయ్యాల వద్దు. మా సార్‌ను అడుగుతం, అనుమతి ఎట్ల తీసుకోవాల్నో తెలుసుకుంటం. ఈ గొట్టాలు ఎవలికి అప్పజెప్పాల్నో డాడీ చెప్తడు. అనుమతి వచ్చిననాడు తొవ్వకొక మనిషిని నిలవెడ్తం. ఈల గూడ ఊదుతం" అన్నాడు. తాతను మురిపించాలని లేచి, గోడ దగ్గరికి పోయి, మొలకున్న ఈల తీశాడు. "ఆనాడు నీ ఈలనే ఊదుతం. ఇస్తవా?"

వంటింటి గడపలో అమ్మ నిలబడి ఉంది. "అది ముట్టకు బిడ్డా" అంది.

అప్పటికే ఈల వాడి అరచేతిలో ఉంది. వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. వాడి ముఖంలో ఆశ్చర్యం.

"తాతా, మూతికాడ ఒక్క పంటి గాటు లేదు. ముప్పై రెండేండ్లు ఊదిన ఈల గింత కొత్తగ ఎట్లున్నది? ఇది బాయిదేనా?"

"బాయిదే బిడ్డా" అన్నాడు బాపు. "బొగ్గు బాయిది కాదు."

మా మాటలో బొగ్గు గనీ బాయే, పొలం బావీ బాయే. ఇన్నేళ్లూ ఆయన అబద్ధం చెప్పలేదు. మేమే ఒక్క అర్థం దగ్గర ఆగిపోయాం.

"బొగ్గు బాయి ఈల రిటైరైన నాడే అప్పజెప్పిన" అన్నాడు. ఎవరి వైపూ చూడలేదు. "ఊర్ల మన పొలం కాడ బాయి తవ్విస్తున్నం. ఎండకాలం. అడుగున రాయి తగిలింది. గుత్తేదారు తోటాలు తెచ్చిండు. పేల్చెటోనికి ఒకనికి ఫలానా రోజు రమ్మని చెప్పిన్రు. 'వాడెందుకు, నేను లేనా' అన్న. నాకు షాట్ ఫైరర్ సర్టిఫికెట్ ఉండె. దినాం పేల్చెటోన్ని. నాలుగు తోటాలు నాకొక లెక్కనా? మీ చిన్నతాత అడిగిండు. 'అన్నా, బొగ్గు బాయిల గిట్లనే చేస్తరా? అటొకల్ని, ఇటొకల్ని నిలవెట్టవా? ఈల తేలేదా?' అన్నడు. 'ఇది బొగ్గు బాయారా? ఈడ అడిగేటోడెవడున్నడు' అన్న."

మా వాడి చేతిలో ఈల తిరగడం ఆగిపోయింది.

"నాలుగు పెట్టిన. మూడు చప్పుళ్లే లెక్కకొచ్చినయ్. అందరు అయిపోయిందనుకున్రు. వాడు అవతలి దిక్కు నుంచి తాడు పట్టుకొని దిగుతున్నడు. పక్క పొలంల డీజిల్ ఇంజన్ నడుస్తున్నది. ఎంత ఒర్రినా వానికి ఇనవడలే. ఈల అయితె ఇనవడు. అది ఇంట్ల, బాయి అంగి జేబుల ఉన్నది. నేను ఒడ్డుకు ఉరికిన. నాలుగోది లేసింది."

ఆయన చెయ్యి తనంతట తనే ఎడమ చెవి మీదికి పోయింది.

"పదకొండో దినం నాడు మంచిర్యాల పోయి ఇది కొన్న. గప్పటిసంది మొలకే ఉన్నది. ఎవని కోసం ఊదాలె?"

బయట ముసురు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మా వాడు వచ్చి తాత కుడిపక్కన కూర్చున్నాడు. ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. వాడి గొంతు వణికింది.

"నువ్వేం జేస్తవు తాతా... గక్కడ నిన్ను అడిగేటోడు లేకపాయె."

బాపు తల అడ్డంగా ఊపాడు. ఈల వాడి చేతిలోంచి తీసుకొని గుప్పిట మూశాడు.

"ఎందుకు లేడు బిడ్డా? అడిగినోడు ఒక్కడుండె. వాడే పోయిండు."